గ్రంథపాలకులకు నేర్చుకునే సమయం ఇవ్వండి

సంపాదకుడి గారికి,

ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు మన గోదావరి జిల్లాల్లోనూ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి చిత్రపటానికి దండ వేస్తారు, పిల్లలకు వ్యాసరచన పోటీ పెడతారు, వేదిక మీద పెద్దలు పుస్తకం గొప్పతనం చెబుతారు. అయ్యంకి వారు మన కొంకుదురులో పుట్టినవారే కనుక ఆ దండ సబబే. అయితే ఆ వారం రోజుల్లో గ్రంథాలయ సిబ్బందికి కొత్తగా ఏం నేర్పారని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు.

మా శాఖా గ్రంథాలయంలో కంప్యూటర్ ఉంది, దాని మీద కప్పిన గుడ్డా ఉంది. శిక్షణ కూడా ఒకసారి జరిగిందట. జిల్లా కేంద్రానికి పిలిపించి, తెర మీద బొమ్మలు చూపించి, భోజనం పెట్టి, సంతకాలు తీసుకుని పంపించారు. నేర్చుకున్నది చేసి చూసుకునే తీరిక ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు. ఉన్నది ఒక్కరే; తలుపు తీయాలి, పత్రికలు సర్దాలి, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవాలి, పై అధికారులకు లెక్కలు పంపాలి.

ఇక అక్కడికి వచ్చేవారి అవసరాలు చూడండి. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే పిల్లలకు పాత ప్రశ్నపత్రాలు కావాలి. పరిశోధన చేసేవారికి వందేళ్ల నాటి పుస్తకం కావాలి. అలాంటి తెలుగు పుస్తకాలు వేలకొద్దీ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ అయ్యాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. చిక్కల్లా, వాటిలో చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు కొట్టినవి. వీరేశలింగం గారి పేరే ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా కనిపిస్తుంది. తెలుగులో టైపు చేసి వెతికినవారు ఆ పుస్తకమే లేదనుకుని వెళ్లిపోతారు. ఈ మెలిక తెలిసిన గ్రంథపాలకుడైతే కాసేపట్లో తీసి చూపించగలడు.

మన సొంత జాబితాలూ అంతే. నేను చూసినవి డీటీపీ సెంటర్‌లో ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో కొట్టించినవి. కాగితం మీద చక్కగానే ఉంటాయి. కంప్యూటర్‌లో వెతకబోతే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగానే గుర్తించే పద్ధతిలోకి, మార్చే సాధనాలు ఉచితంగానే ఉన్నాయి. గ్రంథాలయం నడపడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వారి ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. న్యూజిలాండ్‌లో ఒక చిన్న గ్రంథాలయ సంస్థ తన అవసరానికి చేయించుకుని, 2000 జనవరిలో వాడకంలోకి తెచ్చి, అందరికీ ఉచితంగా ఇచ్చిన కోహా కూడా ఉంది. కనుక సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బు లేదనే మాట చెల్లదు.

అమెరికాలోని షార్లెట్ నగర గ్రంథాలయంలో 2006లో హెలీన్ బ్లోవర్స్ అనే అధికారిణి ఒక పద్ధతి పెట్టారు. అప్పటికి కొత్తవైన వెబ్ సాధనాలపై 23 చిన్న అభ్యాసాలు తయారుచేసి, ఎవరి వీలును బట్టి వారు చేసుకోమన్నారు. బ్లాగు రాయడం, ఫొటోలు పంచుకోవడం వంటి పనులు. పూర్తిచేసిన వారికి ఎంపీ3 ప్లేయర్ బహుమతి! తర్వాత అనేక దేశాల గ్రంథాలయాలు దీన్ని అందుకున్నాయి. ఉపన్యాసం విని రావడం కాకుండా సిబ్బంది తమ చేతులతో చేసి నేర్చుకోవడమే అందులో నాకు నచ్చింది. మనకు బహుమతులు లేకపోయినా ఫరవాలేదు. పాఠకులు తక్కువగా వచ్చే వేళ చూసి వారానికి రెండు గంటలు నేర్చుకోవడానికి కేటాయిస్తే చాలు. ఆ రెండు గంటలూ డ్యూటీలో భాగమేనని ఉత్తర్వు ఉండాలి. పాఠాలు తెలుగులో ఉండాలి.

అభ్యాసాలు మాత్రం ఇప్పటివి కావాలి. కృత్రిమ మేధను ఏదైనా పుస్తకం గురించి అడిగితే ఒక్కోసారి లేని పుస్తకానికి పేరు పెట్టి, రచయితను కూడా అంటగట్టి ఎంతో ధీమాగా చెబుతుంది. కుర్రాళ్లు దాన్ని నమ్మి గ్రంథాలయానికి వచ్చి అడుగుతారు. అది నిజమో కాదో తేల్చి చెప్పవలసిన మనిషికి ఆ సాధనం ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఎలా?

డబ్బు మాటకొస్తే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయకపోవడం పాత జబ్బే. ఏ పంచాయతీ, ఏ మున్సిపాలిటీ ఎంత బాకీ ఉందో గ్రంథాలయాల నోటీసు బోర్డుల్లో పెట్టించాలని కలెక్టర్లను కోరుతున్నాను. వచ్చిన దానిలో కొంత ఇంటర్నెట్ బిల్లుకు, కొంత తెలిసినవారిని పిలిపించి నేర్పించడానికి విడిగా పెట్టాలి. వారోత్సవాల లోపు ప్రతి శాఖలోనూ పుస్తకాల జాబితాను యూనికోడ్‌లోకి మార్చడాన్నే మొదటి అభ్యాసంగా ఇవ్వవచ్చు. దానికి కొత్త కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోనసీమ