‘గెట్’ అంటే ఏమిటని అప్పజెప్పించుకోకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఇంగ్లీషు మాటలకు అర్థాలు అప్పజెప్పించుకోవడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. ఎలిఫెంట్ అంటే ఏనుగు, రివర్ అంటే నది లాంటి మాటలకు ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. చిక్కల్లా ‘గెట్’ వంటి పొట్టి మాటలతోనే. పిల్లలు ‘గెట్ అంటే పొందు’ అని టక్కున చెప్పేస్తారు, మీరు టిక్కు పెట్టేస్తారు. తర్వాత పాఠంలో ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అని కనబడితే ‘చీకటిని పొందుతోంది’ అని రాస్తారు. ఇలాంటి మాటకు అర్థం విడిగా ఉండదు. పక్కన చేరిన మాటను బట్టి వస్తుంది. కాబట్టి ‘గెట్ అంటే ఏమిటి’ అని కాకుండా ‘గెట్ తర్వాత ఏముంది’ అని అడగండి.

ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఈ పని చేయించగలరు. మన ‘వచ్చు’ను చూడండి. ఉత్తరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఎనభై మార్కులు వచ్చాయి, జలుబు వచ్చింది, కోపం వచ్చింది అంటాం. ఈ ఐదింటికీ ఇంగ్లీషులో గెట్ సరిపోతుంది: ‘ఐ గాట్ ఎ లెటర్’, ‘షి గాట్ ఎ జాబ్’, ‘హి గాట్ ఎయిటీ మార్క్స్’, ‘ఐ గాట్ ఎ కోల్డ్’, ‘హి గాట్ యాంగ్రీ’. తేడా ఎక్కడంటే, తెలుగులో వచ్చేది ఉత్తరం, జలుబు, కోపం. మనిషి ‘నాకు’, ‘వాడికి’ అంటూ పక్కన ఉంటాడు. ఇంగ్లీషులో మనిషే కర్త, వాక్యం అతనితోనే మొదలవుతుంది. ఈ తిరగేత తెలియకే ‘ఫీవర్ కేమ్ టు మీ’, ‘యాంగర్ కేమ్ టు హిమ్’ అని రాస్తున్నారు. అలాగని వచ్చు అన్న చోటల్లా గెట్ అతికించినా కుదరదు. ‘నాకు ఈత వచ్చు’ అంటే ‘ఐ కెన్ స్విమ్’. ‘బస్సు వచ్చింది’ అంటే ‘ది బస్ కేమ్’, ఎందుకంటే అక్కడ బస్సు నిజంగానే కదిలి వచ్చింది.

ఇక గెట్ తర్వాత చేరే మాటల సంగతి. వస్తువు పేరు ఉంటే అందుకోవడం, కొనడం, తేవడం. వీటిలో ఏదో సందర్భమే చెబుతుంది. డార్క్, వెట్, టైర్డ్ వంటి విశేషణం ఉంటే ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం: చీకటి పడింది, తడిసిపోయాను, అలసిపోయాను. ‘టు’ చేరి ఊరి పేరు వస్తే చేరుకోవడం: ‘వి గాట్ టు ఆమదాలవలస ఎట్ సిక్స్’. హోమ్ ముందు మాత్రం ఆ ‘టు’ ఉండకూడదు, ‘గెట్ హోమ్’ అనే అనాలి. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అంటే నాకు అర్థం కాలేదని.

పిల్లలు ఎక్కువగా తడబడేది చేయించడం దగ్గర. తెలుగులో ‘ఇంచు’ తగిలిస్తే పని అయిపోతుంది: సైకిల్ బాగు చేయించాను, జుట్టు కత్తిరించుకున్నాను కాదు, కత్తిరింపించుకున్నాను. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. అందుకే ‘ఐ గాట్ మై సైకిల్ రిపేర్డ్’, ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. వరుస గుర్తుంచుకోవాలి: గాట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. ‘ఐ రిపేర్డ్ మై సైకిల్’ అని రాస్తే పానా పట్టి తానే బాగు చేశాడని అర్థం. మనిషి చేత చేయిస్తే వరుస మారి ‘టు’ వస్తుంది: ‘ఐ గాట్ మై ఫాదర్ టు సైన్ ది ఫారమ్’. ఆ ‘టు’ను చాలామంది వదిలేస్తారు.

అప్, ఆన్, ఆఫ్, ఓవర్ వంటివి చేరితే రెండు మాటలూ కలిసి ఒకే మాట అయిపోతాయి, విడదీసి చదివితే అర్థం దొరకదు. ‘వేక్ అప్’ అంటే మెలకువ రావడం, ‘గెట్ అప్’ అంటే పక్క మీద నుంచి లేవడం. ఈ రెండింటి మధ్య సెలవు రోజుల్లో ఎంత దూరం ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగడాన్ని మన వైపు ‘గెట్ డౌన్’ అంటారు. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, రాసేటప్పుడు బస్సుకు, రైలుకు ‘గెట్ ఆన్, గెట్ ఆఫ్’ అలవాటు చేయండి. కారుకు, ఆటోకు ‘గెట్ ఇన్‌టు, గెట్ అవుట్ ఆఫ్’. లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగే బండికి మొదటిది, ఒంగి దూరి కూర్చునేదానికి రెండోది. సైకిల్ మీదకు ఎక్కుతాం కనుక అది కూడా ఆన్, ఆఫ్ కిందకే వస్తుంది.

సమానార్థకాల జాబితాలు కొని ఇవ్వాలా అని కొందరు అడుగుతున్నారు. వద్దు. గెట్‌కు ఎదురుగా రిసీవ్, అబ్టైన్, అక్వైర్, గెయిన్, ఎర్న్, ఫెచ్ అని వరుసగా ఉంటే అన్నీ ఒకటే అనిపిస్తుంది. ఎవరో పంపింది మన చేతికి అందితే రిసీవ్. దరఖాస్తు పెట్టి ప్రభుత్వ కార్యాలయం నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకుంటే అబ్టైన్. ఒక విద్య కాలక్రమేణా పట్టుబడితే అక్వైర్. అనుభవం, బరువు వంటివి పెరిగితే గెయిన్. కష్టపడి సంపాదిస్తే ఎర్న్. వెళ్లి తీసుకుని తిరిగొస్తే ఫెచ్. జాబితా బట్టీ పట్టిన పిల్లలు ‘ఐ అబ్టైన్డ్ ఎ కోల్డ్’ అని రాస్తారు. జలుబు కోసం ఎవరూ దరఖాస్తు పెట్టరు! ‘రీచ్’ మరో ఉచ్చు. ‘గెట్ టు పలాస’ సరే గానీ ‘రీచ్ టు పలాస’ తప్పు, ‘రీచ్ పలాస’ చాలు. ‘అరైవ్’ అయితే స్టేషనుకు ‘ఎట్’, ఊరికి ‘ఇన్’. అంటే మాట మార్చినప్పుడు దాని వెనకున్న చిన్న మాట కూడా మారుతుంది.

ఇన్ని మాటలు ఎందుకున్నాయంటే, గెట్ ఐరోపా ఉత్తర ప్రాంతం నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన నార్స్ వాళ్ల భాషలోది. రిసీవ్, అబ్టైన్ వంటివి 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత ఫ్రెంచి ద్వారా వచ్చినవి. ఒకటి ఇంటి మాట, మరొకటి ఆఫీసు మాట. మనకూ నీళ్లు, జలం రెండూ ఉన్నాయి. జలాశయం అంటాం గానీ ‘కాస్త జలం ఇవ్వమ్మా’ అనం. అందుకే పరీక్షలో అధికారికి రాసే లేఖలో ‘ఐ రిసీవ్డ్ యువర్ లెటర్’ బాగుంటుంది, స్నేహితుల సంభాషణలో ‘ఐ గాట్ యువర్ లెటర్’ బాగుంటుంది.

ఇంట్లో రోజుకు పది నిమిషాలు చాలు. వంద పేజీల నోటుబుక్కులో పొట్టి మాట ఒక్కోదానికి రెండు పేజీలు వదలండి. గెట్, టేక్, మేక్, పుట్, రన్, సెట్‌లతో మొదలుపెట్టండి. ఎడమ పేజీలో పాఠంలో దొరికిన వాక్యాన్ని పూర్తిగా రాసి, పక్క మాట కింద గీత గీయించండి. కుడి పేజీలో ఆ వాక్యానికి సహజమైన తెలుగు, వీలైతే ఆ వాక్యంలో మాత్రమే ఇమిడే సమానార్థకం రాయించండి. ‘గెట్ హర్ట్’ వంటి చోట ఇమిడే ఒంటి మాట దొరకదు, ఖాళీగానే వదిలేయమనండి. రోజుకు రెండు వాక్యాలు, అంతకు మించి వద్దు. తెలుగు చదివి వినిపించమనండి. ‘చీకటిని పొందుతోంది’ లాంటిది చెవికి తగలగానే ఆపండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా తప్పుడు తెలుగు ఇట్టే దొరికిపోతుంది.

నిఘంటువు చూసేటప్పుడు పిల్లలు ఒకటో నంబరు అర్థం దగ్గరే ఆగిపోతారు. ముందు అది క్రియో, నామవాచకమో చూసి, నాలుగైదు అర్థాలకిచ్చిన ఉదాహరణలు చదివి, పాఠంలోని వాక్యానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో ‘సెట్’ ఒక్కదానికే 430 అర్థాలున్నాయి, కాబట్టి అన్నీ నేర్చేయాలన్న బెంగ అక్కర్లేదు. ఫోనులో అనువాదం చూస్తే మాట ఒక్కటే కాకుండా వాక్యమంతా టైపు చేయించండి.

మన జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాషకు నిఘంటువు కట్టారు. ఆ భాష ఆయన నేర్చింది పుస్తకాల్లోంచి కాదు, మాట్లాడే సవరల నోటి నుంచి. పిల్లలకు ఆ విషయం కూడా చెప్పండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి ఈ నోటుబుక్కు వెంట తీసుకురండి. కుడి పేజీలో ఖాళీగా మిగిలిన వాటిని ఇంగ్లీషు ఉపాధ్యాయులతో కూర్చుని చూద్దాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
శ్రీకాకుళం జిల్లా