చలికాలంలో వీల్‌చైర్ ఆగిపోతే దిక్కెవరు?

సంపాదకులకు నమస్కారం.

చలి ముదిరిందంటే మా ఆదిలాబాద్ జిల్లాలో వీల్‌చైర్లు, బ్యాటరీ ట్రైసైకిళ్లు ఒక్కొక్కటే మూలన పడతాయి. పెద్దగా విరిగిపోయి కాదు. ట్యూబు దొరక్క, బేరింగు దొరక్క, ఛార్జరు పోతే బాగుచేసేవాడు లేక. చిన్నప్పుడే పోలియో సోకి, బడిలో పాఠాలు చెప్పిన కాలమంతా చక్రాల మీదే గడిపి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఈ సంగతి కొంత వివరంగా రాస్తున్నాను.

డిసెంబరులో మాకు మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ ఇరవై డిగ్రీల దాకా తేడా ఉంటుంది. అంత చల్లబడితే టైరులో మూడు నాలుగు పౌండ్ల గాలి ఒత్తిడి తగ్గుతుంది. సైకిల్ తొక్కేవారికి అది లెక్కలోకి రాదు. మామూలు వీల్‌చైర్‌లో బ్రేకు పనిచేసేది టైరును నొక్కిపట్టడం వల్లే. టైరు మెత్తబడితే బ్రేకు పట్టదు. పొద్దున్నే మంచం మీది నుంచి కుర్చీలోకి మారబోయేసరికి కుర్చీ వెనక్కి జారుతుంది. తుంటి ఎముక విరగడానికి అంతకన్నా ఏం కావాలి? పైగా ఇది పత్తి తీసే కాలం. దూది పోగులు, దారాలు ముందు చిన్న చక్రాల ఇరుసులకు చుట్టుకుని, మంచు తడికి బిగుసుకుపోతాయి.

బ్యాటరీ బండ్ల కథ ఇంకొకటి. 25 డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇచ్చే శక్తిలో పది డిగ్రీల దగ్గర సుమారు పదో వంతు కోత పడుతుంది. కొత్త బ్యాటరీ అయితే ఆ కోత తెలియదు. పాతదైతే మండల కేంద్రానికి వెళ్లగలిగినవాడు తిరిగి ఊరు చేరలేడు. అలా ఆగిన బండిని ఛార్జింగు లేకుండా నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీ పలకలకు సల్ఫేటు పేరుకుని, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా నిలవదు. కొత్త జత కొనాలంటే 2023లో 4,016 రూపాయలకు పెంచిన నెల పింఛను మొత్తం పెట్టినా చాలదు.

నడవగలిగినవారి బండి ఆగితే బండిని నెట్టుకుంటూ ఇల్లు చేరతారు. మేము అక్కడే ఉండిపోతాం. వెన్నుపాము మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో దెబ్బతిన్నవారి శరీరం సరిగా వణకలేదు, తన వేడిని తాను కాపాడుకోలేదు. నా కాళ్ల సంగతే చెప్తాను, చలికి నీలంగా మారి మొద్దుబారతాయి, ఉన్న కొద్దిపాటి బలం కూడా పోతుంది. సాయంత్రం ఆరు దాటాక పొలాల మధ్య రోడ్డు మీద ఆగిపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ మూడు నెలలూ సీటు కింద ఒక దుప్పటి, ఒక ఈల, చిన్న గాలి పంపు లేకుండా గడప దాటను. ఇంటికి రాగానే బండిని అరుగు మీద కాక గదిలో పెట్టి ఛార్జి చేస్తాను. టైరును బొటనవేలితో నొక్కి చూడందే కుర్చీలోకి దిగను. తోటివారికీ ఇవే చెబుతుంటాను. కానీ జాగ్రత్తలతో బేరింగు కొత్తది కాదు కదా.

ప్రస్తుతం మాకు ఆసరా సైకిల్ షాపులే. వాళ్ల చేతి నైపుణ్యానికి దండం పెట్టాలి. వెనుక చక్రానికి పిల్లల సైకిల్ ట్యూబుతో సర్దేస్తారు. టైరు మాత్రం రిమ్ముకు ఒక్కోసారి కుదరదు. ఎనిమిది అంగుళాల ముందు చక్రం వాళ్ల దగ్గరా దొరకదు. బ్యాటరీ బండి మోటారును అదుపు చేసే కంట్రోలర్ పోతే వాళ్లూ చేతులెత్తేస్తారు. నా బండి ఇచ్చిన చోటికి ఫోను చేస్తే "పార్టు పై నుంచి రావాలి" అన్నారు. అది వచ్చేలోగా శివరాత్రి వచ్చింది, చలి శివశివా అంటూ వెళ్లిపోయింది.

పరికరాలు పంచే కేంద్ర పథకం ఎడిప్ 1981 నుంచి ఉంది. నాలుగు దశాబ్దాలు దాటినా మన దృష్టంతా పంచడం మీదే. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు గురించి, అంటే కొన్న వస్తువును కంపెనీ మీదే ఆధారపడకుండా బాగుచేయించుకునే హక్కు గురించి కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను ముందుగా ఎంచుకుంది. మంచిదే. ఫోను పాడైతే మనిషి కాసేపు విసుక్కుంటాడు, వీల్‌చైర్ పాడైతే మంచం పడతాడు, ఒంటికి పుండ్లు పడతాయి. ఆ జాబితాలో మా కుర్చీకి చోటు లేకపోవడం నాకు అర్థం కాలేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం అదే ఏడాది బ్యాటరీ వీల్‌చైర్ల కోసమే చట్టం చేసింది. విడిభాగాలు, పనిముట్లు, మరమ్మతు పుస్తకాలు యజమానులకూ బయటి మెకానిక్కులకూ తయారీదారులు ఇవ్వాల్సిందే. 2023 జనవరి నుంచి అది అమల్లో ఉంది.

మనం చట్టం దాకా ఆగనక్కర్లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అధికారులకు నా మనవి ఇదే: దీపావళి దాటగానే ఒక్కో కేంద్రంలో ఒక మరమ్మతు రోజు పెట్టండి. స్థానిక సైకిల్ మెకానిక్కును పిలిచి, అవసరమైతే ఐటీఐలో రెండు రోజులు నేర్పించి, చేసిన పనికి డబ్బు ఇవ్వండి. ట్యూబులు, బేరింగులు, ముందు చక్రాలు, బ్రేకు సెట్లు ఒక పెట్టెలో ఉంచండి. బండి మరమ్మతులో ఉన్నన్నాళ్లు వాడుకోవడానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు కుర్చీలు అప్పుగా ఇచ్చేలా చూడండి. ఈ ఖర్చు కోసం కొత్త బండ్ల సంఖ్య ఒక ఏడాదికి కొంచెం తగ్గినా నాకు అభ్యంతరం లేదు. ఈ మాటకు నా మిత్రులు కొందరు కోప్పడతారని తెలిసే రాస్తున్నాను.

డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవ సభలకు మీ విలేకరులు వెళ్తారు. ఈసారి ఎన్ని బండ్లు ఇచ్చారని కాక, గత మూడేళ్లలో ఇచ్చినవాటిలో ఎన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయని అధికారులను అడగమని చెప్పండి. వచ్చిన జవాబును మీ జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆదిలాబాద్ జిల్లా