మా బాపమ్మను పలకరించిన ముంబయి మనుషులకు కృతజ్ఞతలు

మా ఇంటి నాలుగు తరాల వాళ్లం కలిసి ముంబయి వెళ్లి, గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదురుగా ఉన్న తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్‌లో ఉండి క్షేమంగా తిరిగొచ్చాం. బాపమ్మ (నాన్నమ్మ), అమ్మా బాపు, కాకా చిన్నమ్మ, మేనత్త, మేం అన్నదమ్ములం అక్కచెల్లెళ్లం, మా పిల్లలు. అందరిలోకీ చిన్నది ఇంకా పాలు తాగే మా తమ్ముడి బిడ్డ. ఇంతమందిని, అందులో ఎనభై దాటి మోకాళ్లు సహకరించని మనిషిని తీసుకుని అంత పెద్ద హోటల్‌కు పోతున్నామంటే బయల్దేరే ముందు నాకు నిద్ర పట్టనంత టెన్షన్. ఆ టెన్షన్‌ను తీసేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పోస్టు వాళ్ల కోసం.

ఆ హోటలే ఎందుకని చాలామంది అడిగారు. మా తాత సిరిసిల్ల నుంచి బొంబాయి పోయి పరేల్‌లో ఒక బట్టల మిల్లులో సాంచాలు (మరమగ్గాలు) నడిపాడు. వర్లీ బీడీడీ చాళ్లలో (వరుస గదుల పాత ఇళ్లలో) 160 చదరపు అడుగుల గదిలో కాపురం. బాపు, కాక, మేనత్త అక్కడే పుట్టి, మున్సిపాలిటీ నడిపే తెలుగు బడిలో చదువుకున్నారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. సుమారు 2.5 లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, చాలామందికి మళ్లీ మిల్లు పని దొరకలేదు. మా వాళ్లు సామాన్లు కట్టుకుని సిరిసిల్లకు వచ్చేశారు.

అంతకుముందు, చేతిలో నాలుగు పైసలున్న ఆదివారం పూట తాత అందరినీ గేట్‌వేకు తీసుకుపోయేవాడట. సముద్రం ఒడ్డున గోడ మీద కూర్చుని పల్లీలు తింటూ బాపమ్మ ఆ హోటల్ గుమ్మటాన్ని చూసేది. "లోపల ఎట్లుంటదో" అని ఆమె అంటే, "లోపల పనిచేసేటోళ్లు కూడా మనలాంటోళ్లే" అనేవాడట తాత. ఈ మాట మా ఇంట్లో పిల్లలందరికీ తెలుసు. తాత పోయి చాలా ఏళ్లయింది. బాపమ్మకైనా చూపిద్దామని మేమంతా కలిసి చిట్టీ కట్టాం. అందులో వచ్చిన డబ్బుతోనే ఈ ప్రయాణం.

కామారెడ్డిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మా బోగీలో ఒక నాందేడ్ దంపతులు మేం అడగకముందే కింది బెర్త్ ఇచ్చి పైకి ఎక్కారు. పొద్దున ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగగానే (బాపమ్మకు అది ఇప్పటికీ బోరీబందరే) ఒక కూలీ అన్న చక్రాల కుర్చీ తెచ్చి, ట్యాక్సీ దాకా ఎక్కడా కుదుపు లేకుండా తోశాడు. వాళ్లకు మొదటి దండం.

హోటళ్లలో గదులు మామూలుగా మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. మేం పొద్దున్నే చేరాం, రాత్రంతా రైలు, చంటిపాప ఏడుపు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మా బుకింగ్ చూసే ముందే బాపమ్మ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని "ఆజీ, ప్రయాణం ఎలా జరిగింది?" అని మరాఠీలో అడిగింది (ఆజీ అంటే బాపమ్మే). బాపమ్మ మరాఠీలోనే జవాబిచ్చింది. నలభై ఏళ్లుగా మా ఎదుట మాట్లాడని మరాఠీ, అలా ధారగా వచ్చేసింది! ఎక్కడుండేవాళ్లు, ఏ చాళ్, ఏ మిల్లు, అన్నీ చెప్పింది. ఆ అమ్మాయి తొందరపడకుండా అన్నీ విన్నది. తర్వాతే లేచి, ముందు ఒక గది తెరిపించి బాపమ్మను, చంటిపాపను, తల్లిని లోపల పడుకోబెట్టించింది. మిగతా గదులు సిద్ధమయ్యేదాకా మాకు చాయ్ తెప్పించింది.

దీన్ని నేనెందుకు ఇంత గొప్పగా చెబుతున్నానంటే, ఇంతకుముందు ఇంకో ఊళ్లో ఒక హోటల్‌లో దిగినప్పుడు బాపమ్మ ఎదురుగానే కూర్చుని ఉన్నా "ఈమెకు అన్నం పెట్టాలా? ఈమె మెట్లు ఎక్కుతుందా?" అని అన్నీ నన్నే అడిగారు. ఆమె మొహం చిన్నబోయింది. పెద్దవాళ్లను తీసుకెళ్లినప్పుడు ర్యాంపు, లిఫ్టు, బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఇవన్నీ కావాలి, కాదనను. కానీ వాళ్లతోనే మాట్లాడే మనిషి ఒక్కరుంటే మిగతావన్నీ ఆ మనిషే చూసుకుంటారని ఈసారి నాకు అర్థమైంది.

మంచం ఎత్తుగా ఉంటే గదులు చూసే తమ్ముడు "ఆజీ, మీకెంత ఎత్తు కావాలి?" అని ఆమెనే అడిగి, ఎక్కడానికి చిన్న పీట తెచ్చిపెట్టాడు. రెండో రోజు మా తమ్ముడి బిడ్డకు జ్వరం వచ్చింది. అర్ధరాత్రి ఫోన్ చేస్తే డాక్టర్‌ను పిలిపించారు, మందులు గదికే తెచ్చిచ్చారు. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. ఆ రాత్రి మా మరదలి పక్కన కూర్చుని ధైర్యం చెప్పిన ఆ హోటల్ అక్కకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

ఇక తిండి. బాపమ్మ ఆ పెద్ద పెద్ద పళ్లాల్లో దేన్నీ ముట్టలేదు. వడ్డించే ఆయన "ఆజీ, ఇంట్లో ఏం తింటారు?" అన్నాడు. జొన్న రొట్టె అని చెప్పింది. జొన్న భాకరీ మహారాష్ట్ర వాళ్లకు కొత్తా! వంటగదిలో ఎవరో చేత్తో కొట్టి, కాల్చి, పచ్చిమిర్చి ఠేచా (దంచిన పచ్చడి), ఉల్లిగడ్డ, పెరుగుతో పంపారు. ఆమె పూర్తిగా తినడం చూసి మా అమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ రొట్టె చేసినవాళ్లెవరో మేం చూడలేదు. ఇది చదివే ముంబయి తెలుగువాళ్లలో ఎవరికైనా వాళ్లు తెలిస్తే మా మాట చేరవేయండి.

హోటల్ చరిత్ర చెప్పి తిప్పి చూపించే ఆయన గురించి కూడా రాయాలి. మేం ఆగే ప్రతి చోటా బాపమ్మకు ముందే కుర్చీ వేయించాడు. జంషెడ్జీ టాటా కట్టించిన ఈ హోటల్ 1903 డిసెంబర్ 16న తెరుచుకుందని, గేట్‌వే పూర్తయింది 1924లో అని చెబితే బాపమ్మ ఆశ్చర్యపోయింది. గేట్‌వేనే ముందు కట్టారని ఇన్నాళ్లూ అనుకుందట. హోటల్‌కు సీతారాం ఖండేరావ్ వైద్య, డి.ఎన్. మీర్జా గీసిన నమూనాను డబ్ల్యూ.ఎ. చాంబర్స్ పూర్తి చేశాడట. గుమ్మటం కింద అంతస్తులంతా ఎక్కే ఆ పెద్ద మెట్ల దగ్గర పిల్లలు నోరెళ్లబెట్టి నిలబడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్నే 600 పడకల ఆస్పత్రిగా మార్చారని చెప్పినప్పుడు బాపమ్మ, "అందులో మన గరీబోళ్లకు మంచం దొరికేదా?" అని అడిగింది. ఆయన ఏదో ఒకటి అల్లి చెప్పలేదు. "నాకు తెలియదు ఆజీ, మంచి ప్రశ్న" అన్నాడు. ఆ నిజాయితీకి కూడా థ్యాంక్స్.

2008 నవంబర్ 26 ఉగ్రవాద దాడిలో అక్కడ ప్రాణాలు పోయిన 31 మంది పేర్లున్న స్మారకం ముందు కూడా ఆగాం. వాళ్లలో అతిథులను కాపాడుతూ పోయిన సిబ్బంది కూడా ఉన్నారు. పిల్లలకు కాక అదంతా విడమరిచి చెప్పాడు. చరిత్ర పుస్తకం పట్టుకుని నేను వందసార్లు చెప్పినా వాళ్లకు అంత బాగా ఎక్కేది కాదు.

ఒక పూట వర్లీ పోయాం. పాత చాళ్లు కూల్చి టవర్లు కడుతున్నారు. మా వాళ్లుండిన గదిని గుర్తుపట్టలేకపోయాం. కానీ ఇంకా కూల్చని ఒక చాళ్‌లో ఒక పద్మశాలి కుటుంబం, మేమెవరో తెలియకపోయినా సిరిసిల్ల అనగానే ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టారు. బాపమ్మకు సమానమైన వయసున్న ఆ ఇంటి పెద్దమ్మ, ఈమె కలిసి నీళ్ల నల్లా దగ్గరి కొట్లాటలు, గణపతి మండపాలు, జీతం రోజు మిల్లు గేటు ముందు నిలబడ్డ అప్పులోళ్లు, ఒకటేమిటి, అన్నీ తలుచుకున్నారు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిన కాలీపీలీ (నలుపు-పసుపు) ట్యాక్సీ అన్న అంతసేపూ బయటే ఆగి, వెయిటింగ్‌కు ఎక్కువ తీసుకోనన్నాడు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మనిషి. "మా అమ్మ కూడా ఊళ్లో ఇలాగే ఎదురుచూస్తుంటది" అన్నాడు.

ఎవరి పేర్లూ ఇక్కడ రాయడం లేదు, అది వాళ్ల ఉద్యోగాలకు సంబంధించిన విషయం. హోటల్‌లో సాయం చేసినవాళ్ల పేర్లు తెలిసినంతవరకు రాసి యాజమాన్యానికి విడిగా ఉత్తరం పంపాం. బాపమ్మ మరాఠీలో చెబుతుంటే కాక రాశాడు. జొన్న రొట్టె చేసినవాళ్ల పేరు తెలియదు కాబట్టి ఆ చోట "రొట్టె కొట్టిన చేతులకు" అని రాయించింది.