అరచేతిలో వచ్చినది తామర కాదు

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరమూ క్షేమం. మొన్న వీడియో కాల్‌లో నా అరచేతి మీది ఎర్రటి వలయాన్ని చూసి అమ్మ అది తామరేనని తేల్చేసింది. అప్పటి నుంచి ఫలానా పూత రాయమని మెసేజ్‌లు పంపుతూనే ఉంది. ఫోనులో చెప్పబోతే సగం మాటలోనే అడ్డు తగులుతుంది కనుక, డాక్టరుగారు చెప్పినదంతా మీకు వివరంగా రాస్తున్నాను.

దీని పేరు గ్రాన్యులోమా యాన్యులేర్. బొటనవేలి మొదట్లో గట్టి గట్టి చిన్న బుడిపెలు పక్కపక్కనే చేరి గుండ్రంగా అంచు కట్టాయి. మధ్యభాగం కాస్త పల్లంగా, దాదాపు మామూలు చర్మంలాగే ఉంది. వేలితో తడిమితే ఆ అంచు చర్మం కింద దారం పోసి కుట్టినట్టు తగులుతుంది. తామర అయితే అంచు వెంబడి పొట్టు లేచి దురద పెడుతుంది. నాకు పొట్టూ లేదు, దురదా లేదు. డాక్టరుగారు భూతద్దం పెట్టి ముందుగా వెతికినది ఆ పొట్టు కోసమే.

అయినా డాక్టరుగారు వెంటనే ఖాయం చేయలేదు. అందుకు కారణం అది వచ్చిన చోటు. ఈ వలయాలు సాధారణంగా చేతుల వెనుకవైపు, పాదాల పైన, మోచేతుల దగ్గర వస్తాయి. అరచేతిలో, చెవి మీద, కనురెప్పల మీద రావడం అరుదు. నాకు ఎడమ చెవి మడతలో కూడా రెండు మూడు బుడిపెలు ఉన్నాయి (అవి వీడియోలో అమ్మ కంట పడలేదు). ఇలాంటి చోట్ల కంటిచూపుతో నిర్ధారించడం కష్టం కాబట్టి, అరచేతి అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. చర్మానికి బలమిచ్చే కొలాజెన్ పోగులు అక్కడక్కడ దెబ్బతిన్నాయనీ, వాటి చుట్టూ రోగనిరోధక కణాలు బారులు తీరాయనీ, మధ్యలో మ్యూసిన్ అనే జిగురు పదార్థం పేరుకుందనీ రిపోర్టు వచ్చింది. తామరకు కారణమయ్యే ఫంగస్ జాడ లేదు. ఇది అంటుకునే జబ్బు కాదు, క్యాన్సరుగా మారేదీ కాదు.

1895లో కాల్‌కాట్ ఫాక్స్ అనే వైద్యుడు దీనిని మొదట వర్ణించాడు. 1902లో రాడ్‌క్లిఫ్ క్రాకర్ ఈ పేరు పెట్టాడు. ఇన్నేళ్లయినా అసలు కారణం ఇదమిత్థంగా తేలకపోవడం నాకు విడ్డూరంగానే ఉంది. మధుమేహంతో సంబంధం ఉందని కొందరు, లేదని కొందరు అంటారు. ఎందుకైనా మంచిదని షుగరు పరీక్ష చేయించాను, మామూలుగానే ఉంది.

ఇక వైద్యం సంగతి. సుమారు సగం మందికి రెండేళ్లలోపు దానంతటదే పోతుంది, కొందరికి మళ్లీ అదే చోట రావచ్చు. అంచులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు గాని, దానితో చర్మం పలచబడే అవకాశం ఉంది. చెవి చర్మం అసలే పలచన. నొప్పి లేని దానికి అంత అవసరం లేదనిపించి, కొంతకాలం వేచి చూస్తానని చెప్పాను. డాక్టరుగారు కూడా సరేనన్నారు.

అమ్మ చెబుతున్న ట్యూబులో ఫంగస్ మందూ స్టెరాయిడూ కలిసి ఉంటాయి. ఫంగస్ లేని చోట మొదటిది దండగ. నిజంగా తామరే ఉంటే రెండవది దాని రూపు మార్చి, లోలోపల పాకనిస్తుంది. కనుక ఇంట్లో ఎవరికి ఏ మచ్చ వచ్చినా, చర్మ వైద్యులకు చూపించకుండా ఆ ట్యూబు రాయవద్దని మీరే నచ్చజెప్పండి. నాకు పార్సిల్‌లో పంపవద్దని కూడా చెప్పండి.

ఇట్లు,
మీ కుమార్తె