ఐటీ శాఖ మంత్రిగారికి: పని చేసినవాళ్ల పేరు రికార్డుల్లోకి రానివ్వండి

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా ఐటీ సర్వీసెస్ రంగంలో ఉన్నాను. ప్రోగ్రామర్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు నూట అరవై మంది ఉన్న ఒక కంపెనీలో డెలివరీ, అంటే ప్రాజెక్టులు పూర్తిచేసి కస్టమర్‌కు అప్పగించే బాధ్యతలు చూస్తున్నాను. మాలాంటి కంపెనీలు ఎదగాలని, కొత్త టెక్నాలజీ అందుకోవాలని, పెద్ద సంస్థలతో చేతులు కలపాలని మీరు చాలా సభల్లో చెప్పారు. మేమూ అదే ప్రయత్నంలో ఉన్నాం. కానీ ప్రభుత్వ టెండర్లలోని మూడు నాలుగు నిబంధనలు ఆ దారికి అడ్డం పడుతున్నాయి. అవి మారితే ఎంత తేడా వస్తుందో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా వ్యాపారం చాలాకాలం గంటల లెక్క మీద నడిచింది. ఎంతమందిని పెట్టాం, ఎన్ని గంటలు పనిచేశారు, గంటకు రేటు ఎంత. బిల్లు అంటే అదే. 1989లో కొడాక్ కంపెనీ తన డేటా సెంటర్ల పనిని ఐబీఎంకు అప్పగించిన తర్వాత, పెద్ద సంస్థలు ఐటీ పనిని బయటివాళ్లకు ఇవ్వడం మామూలైంది. అక్కడి నుంచి ఈ రంగం ఎదిగిందంటే ఎక్కువగా మనుషుల సంఖ్య పెంచుకుంటూ ఎదిగిందే. 2006లో అమెజాన్ క్లౌడ్ సేవలు, అంటే ఇంటర్నెట్ ద్వారా సర్వర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టాక సర్వర్ల పని స్వరూపం మారింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక మాత్రం గంటల లెక్కే కదిలిపోయింది. మా టీములో ముగ్గురు వారం రోజులు రాసే టెస్ట్ కేసులను (సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో చూసే పరీక్షలను) ఇప్పుడు ఒక్కరే రెండు రోజుల్లో తయారుచేసి, మూడో రోజు కూర్చుని సరిచూస్తున్నారు. గంటల లెక్కన బిల్లు వేస్తే, మేం పని బాగా నేర్చుకున్న కొద్దీ మా ఆదాయం పడిపోతుంది. మీ శాఖ టెండర్లలో ఇప్పటికీ 'ఎంతమంది ఇంజినీర్లను పెడతారు' అన్న ప్రశ్నకు మార్కులు ఉన్నాయి. తక్కువ మందితో అదే పని చేయగలమని నిజం రాసిన కంపెనీకి అక్కడ మార్కులు తగ్గుతాయి. దయచేసి ఆ ప్రశ్న తీసేసి, పని పూర్తయిందో లేదో కొలిచే ప్రమాణాలు పెట్టండి. సిటిజన్ దరఖాస్తు ఎన్ని నిమిషాల్లో పూర్తవుతోంది, నెలలో ఎన్నిసార్లు సిస్టమ్ ఆగింది, సపోర్ట్ టికెట్ (నమోదైన ఫిర్యాదు) ఎన్ని గంటల్లో ముగిసింది అన్నవి చూసి డబ్బు ఇవ్వండి.

ఇక భాగస్వామ్యం సంగతి. అన్ని పనులూ ఒకే కంపెనీ చేసే రోజులు పోయాయి. 2021 నవంబరులో ఐబీఎం సర్వర్లు, నెట్‌వర్క్‌ల నిర్వహణ చూసే తన ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సేవల విభాగాన్ని కిండ్రిల్ పేరుతో విడదీసింది. దాదాపు 90 వేల మంది ఉద్యోగులున్న కంపెనీ అది. విడిపోయిన ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్‌తో, డిసెంబరులో గూగుల్ క్లౌడ్‌తో, మరుసటి ఫిబ్రవరిలో అమెజాన్ వెబ్ సర్వీసెస్‌తో ఒప్పందాలు ప్రకటించింది. ఐబీఎం నీడలో ఉన్నంతకాలం ఆ ముగ్గురూ పోటీదారులు. నీడ తొలగాక వాళ్లే భాగస్వాములయ్యారు. అంత పెద్ద కంపెనీకే తోడు కావాల్సి వస్తే, నూట అరవై మంది ఉన్న మా సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే తోడు దొరికినంత మాత్రాన సరిపోదని మాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక ప్రభుత్వ ప్రాజెక్టులో ఒక పెద్ద కంపెనీ కింద సబ్‌కాంట్రాక్టు తీసుకున్నాం. పాత డేటాబేస్‌ను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని. గో-లైవ్ (కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చే రోజు) ముందు పది రోజులు మా టీము పిల్లలు ఆఫీసులోనే పడుకున్నారు. డేటా ఒక్క రికార్డు పోకుండా మారింది. ప్రైమ్ కంపెనీకి, అంటే ప్రభుత్వంతో నేరుగా ఒప్పందం ఉన్న ఆ పెద్ద కంపెనీకి, బిల్లు డబ్బు ఎప్పుడో వచ్చింది, మాకు మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ అప్పు తెచ్చి జీతాలిచ్చాం. ప్రతి నెలా ఇరవై అయిదో తారీఖు వస్తుందంటే నాకు టెన్షన్. ఆ బాధ కూడా తట్టుకున్నాం.

తట్టుకోలేనిది తర్వాత జరిగింది. అలాంటిదే ఇంకో పనికి టెండరు వచ్చింది. ఈసారి సొంతంగా వేద్దామనుకున్నాం. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగారు. సర్టిఫికెట్ ప్రైమ్ కంపెనీ పేరు మీద ఉంది, అందులో మా పేరు ఎక్కడా లేదు. టర్నోవర్ నిబంధన కూడా మాకు అందేది కాదు. ఆ పని చేసిన అనుభవం మా దగ్గర ఉంది, చేసినట్టు కాగితం ఇంకొకరి దగ్గర ఉంది. మళ్లీ ఇంకొకరి కింద సబ్‌కాంట్రాక్టుకే వెళ్లాం. ఆ డేటా మార్పిడికి టీమ్ లీడ్‌గా ఉన్న అమ్మాయి ఆ ఏడాదే రాజీనామా చేసి వెళ్లిపోయింది. నేను ఆపలేకపోయాను.

అందుకే నా ముఖ్యమైన కోరిక ఇది. ప్రాజెక్టులో ఏ భాగాన్ని ఏ కంపెనీ చేసిందో ఒప్పందంలోనే రాయించండి. పని పూర్తయ్యాక ఆ భాగానికి ఆ కంపెనీ పేరు మీదే మీ శాఖ సర్టిఫికెట్ ఇవ్వాలి. తర్వాతి టెండర్లలో దాన్ని పూర్తి అనుభవంగా లెక్కించాలి. సబ్‌కాంట్రాక్టరుకు డబ్బు చేరినట్టు రుజువు చూపాకే ప్రైమ్ కంపెనీకి తర్వాతి విడత విడుదల చేయండి. దీనికి బడ్జెట్‌లో ఒక్క రూపాయి అదనంగా అక్కర్లేదు.

ఇలా చేస్తే బాధ్యత చెదిరిపోతుందని మీ అధికారులు అనవచ్చు. ఆ భయం సరైనదే, తోసిపుచ్చను. 2013 అక్టోబరు 1న అమెరికాలో ఆరోగ్య బీమా కోసం ప్రభుత్వం పెట్టిన హెల్త్‌కేర్ డాట్ గవ్ వెబ్‌సైట్ మొదలైన రోజు ఆరుగురే నమోదు కాగలిగారు. 55 మంది కాంట్రాక్టర్లు ఉన్నా, అన్నీ కలిపి పనిచేయించే బాధ్యత ఏ ఒక్క కాంట్రాక్టరుకూ ఇవ్వలేదు. ఆ నెలాఖరులోనే వాళ్లలో ఒక కంపెనీకి ఆ బాధ్యత అప్పగించాక మరమ్మతు గాడిలో పడింది. కాబట్టి మొత్తానికి జవాబుదారీ ప్రైమ్ కంపెనీయే ఉండాలి. భాగాలు ఎవరు చేశారో రాయడం వల్ల ఆ జవాబుదారీతనం తగ్గదు. ఏదైనా చెడితే ఎవరిని పిలవాలో మీకే ముందుగా తెలుస్తుంది.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. భాగస్వామ్యం ఒకే ఉత్పత్తి మీద, ఒకే వెండర్ (అమ్మే కంపెనీ) మీద ఆనుకుంటే ఒక్క నిర్ణయంతో కూలుతుంది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ, ఒకే సర్వర్‌ను అనేక సర్వర్లుగా వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్‌ను కొనేసింది. కొన్ని వారాల్లోనే పాత భాగస్వాముల ఒప్పందాలు 2024 ఫిబ్రవరితో ముగుస్తాయని, ఆహ్వానం అందినవాళ్లకే కొత్త కార్యక్రమంలో చోటని ప్రకటించింది. వీఎంవేర్ నైపుణ్యం మీదే కంపెనీ కట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించండి. కంపెనీల జాగ్రత్త కంపెనీలు తీసుకుంటాయి, కానీ కొనేది మీరు కనుక మీ ఒప్పందాల్లోనూ బయటపడే దారి ఉండాలి. యూరోపియన్ యూనియన్ డేటా చట్టం 2025 సెప్టెంబరు నుంచి అమలవుతోంది. ఒక క్లౌడ్ నుంచి ఇంకోదానికి మారే హక్కును అది కస్టమర్‌కు ఇచ్చింది, 2027 జనవరి నుంచి మారినందుకు ఛార్జీ వసూలు చేయకూడదంది. మీ టెండర్లలోనూ డేటాను మామూలు ఫార్మాట్‌లో తిరిగి ఇవ్వాలన్న షరతు మొదటి రోజే రాయించండి. అది ఉంటే రేపు ఏ చిన్న కంపెనీ అయినా మంచి పనితో పోటీకి రాగలదు.

ఎంఓయూలు సంతకమవుతున్నాయి, ఫొటోలు వస్తున్నాయి. ఆ ఒప్పందాల్లో ఒక్కోదాని కింద ఏడాది తర్వాత ఎన్ని చిన్న కంపెనీలు సొంత పేరు మీద పని చేశాయో మీ శాఖ లెక్క పెట్టి బయటపెడితే బాగుంటుంది.

పైన చెప్పిన షరతులను టెండరు పత్రంలో నేరుగా పెట్టుకునే భాషలో రాసి ఉంచాను, మొత్తం నాలుగు పేజీలు. మీ అధికారులు ఏ రోజు పిలిచినా, మాలాంటి మరికొన్ని కంపెనీల వాళ్లతో కలిసి వచ్చి చర్చిస్తాం. తర్వాతి టెండరు ప్రీ-బిడ్ సమావేశం (టెండర్లు వేసే ముందు కంపెనీలతో జరిపే సమావేశం) లోపు పిలిస్తే, ఆ టెండరులోనే వీటిని చేర్చే వీలుంటుంది.

ఇట్లు,
ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీ డెలివరీ హెడ్