పిన్నీసుకి నాలుగొందలు, పెన్సిలుకి లక్ష

ఒరేయ్ శీనూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. నిన్న రాద్దామని కూర్చునేలోపు ఆకలేసి ఒక టిన్ను తీశాను. ఓపెనర్ పిడి చేతిలోకి ఊడొచ్చింది. ఆ టిన్ను చుట్టూ తిరుగుతూ గుర్తొచ్చినవే ఈ కబుర్లు.

టిన్నుకి ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ పేటెంట్ తీసుకున్నది 1810లో. అమెరికాలో ఎజ్రా వార్నర్ ఓపెనర్‌కి పేటెంట్ తెచ్చుకున్నదేమో 1858లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు జనం ఏం చేశారంటావా? ఉలీ సుత్తీ పట్టుకున్నారు! 1824లో ధ్రువయాత్రకి వెళ్లిన ఓడలోని మాంసం డబ్బా మీద ఆ సంగతి అచ్చేసే ఉందట. అప్పటి డబ్బాల రేకు కూడా ఇప్పటిలా పల్చన కాదులే, దిట్టం.

అదే 1858లో ఫిలడెల్ఫియాలో హైమన్ లిప్‌మన్ అనే ఆయన పెన్సిలుకి రబ్బరు తగిలించి పేటెంట్ తీసుకున్నాడు. మనం చూసే రబ్బరు టోపీలా కాదు. చెక్క లోపలే ఒక కొసన రాసే గ్రాఫైటు ముల్లు, రెండో కొసన రబ్బరు ముక్క. ఇటు చెక్కితే రాయొచ్చు, అటు చెక్కితే చెరపొచ్చు. ఆ హక్కుని రెకెండార్ఫర్ అనే వ్యాపారి లక్ష డాలర్లు పోసి కొన్నాడు. తీరా 1875లో అమెరికా సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? పెన్సిలు పెన్సిలు పనే చేస్తోంది, రబ్బరు రబ్బరు పనే చేస్తోంది, రెంటినీ అతికిస్తే కొత్తగా ఒరిగిందేమీ లేదు, పేటెంట్ చెల్లదు పొమ్మంది. తీర్పు సబబే అనుకో, పాపం ఆ కొన్నవాడి మొహం తలుచుకుంటేనే నాకు నవ్వూ జాలీ కలిసి వస్తున్నాయి.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ పిన్నీసుది. న్యూయార్కులో వాల్టర్ హంట్ పదిహేను డాలర్ల అప్పు తీర్చడానికి ఇత్తడి తీగని మెలితిప్పుతూ కూర్చున్నాడట. తీగని మధ్యలో ఒక చుట్టు తిప్పాడు, అదే స్ప్రింగు. మొన మీద చిన్న తొడుగు పెట్టాడు, వేలికి గుచ్చుకోదు. 1849లో పేటెంట్ రావడం, నాలుగొందల డాలర్లకి హక్కులు వదిలేసుకోవడం అన్నీ చకచకా జరిగిపోయాయి. కుట్టుమిషను కూడా ఎప్పుడో చేసి పెట్టుకున్నాడు, పేటెంట్ కోసం మాత్రం అప్పట్లో వెళ్లలేదు. కుట్టుపనివాళ్ల పొట్ట కొట్టడం ఇష్టంలేకేనని చెబుతారు. నాకైతే లిప్‌మన్‌ కంటే ఈయనే నచ్చాడు. నువ్వు వ్యాపారస్థుడివి, ఒప్పుకోవులే.

ఇంతకీ నా టిన్ను సంగతి. చివరికి నేనూ ఉలీ సుత్తే తీశాను. మూత తెరుచుకుంది, బొటనవేలు కమిలింది. అందుకే ఈ అక్షరాలన్నీ వంకర. ఓపిగ్గా చదువుకో.

నీ,
కిట్టు