వంతెన అవతలి క్యారేజీల గురించి ఒక మాట

గుంటూరులో రైలు పట్టాల మీది శంకర్ విలాస్ వంతెనకి అవతల, జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) వార్డుల్లో, కొత్తపేట మందుల షాపుల్లో, గుంటూరువారితోటలో మన క్యారేజీ తింటున్న నలభై ఒక్క మంది కోసం ఇది రాస్తున్నాను. ఇవతల బ్రాడీపేట, అరండల్‌పేట వాళ్లకి ఏమీ మారలేదు. మీ భోజనం ఎప్పటిలాగే పన్నెండున్నరకి వస్తుంది.

పోయిన సోమవారం అవతలి వాళ్లకి క్యారేజీలు అందలేదు. ఆలస్యం కాదు, అసలు రాలేదు. పొద్దున్నుంచి వాన. పట్టాల కిందుగా పోయే మూడు వంతెనల దారిలో నీళ్లు నిలిచాయి. మా అబ్బాయి బండి తిప్పుకుని కంకరగుంట వైపు వెళ్తే అప్పటికే ఊళ్లో సగం బళ్లు అక్కడున్నాయి. రెండున్నరకి ఫోన్ చేసి "అమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నా" అన్నాడు. పట్టాలు దాటి రెండు నిమిషాల్లో ఇచ్చేస్తానని అంతకుముందే ఒకసారి అడిగాడు, చెవి మెలిపెట్టి వద్దన్నాను. వెనక్కి వచ్చేయమన్నాను. ఆ రోజు డబ్బులు మీ నెల లెక్కలో తీసేశాను, వేరే అడగక్కర్లేదు.

2025 ఆగస్టులో శంకర్ విలాస్ వంతెన మూసిన దగ్గర్నుంచీ ఇదే బాధ. ఇదివరకు పది నిమిషాల దారి, ఇప్పుడు ముప్పావు గంట. అయితే కొత్తది కట్టొద్దనే మనిషిని కాదు నేను. ఆరు దశాబ్దాలు దాటిన పాత వంతెన మీద ఆటో, అంబులెన్సు, నా క్యారేజీ బండి ఒకదాని వెనక ఒకటి పాకడం రోజూ చూసినదాన్నే. పడగొట్టకముందు జరిగిన సమావేశాల్లో రెండింటికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను కూడా. 98 కోట్లు, 930 మీటర్లు, నాలుగు వరసలు అన్నారు. పొడవు చాలదు, ఇంకా ముందు నుంచే ఎత్తాలని కొందరు పెద్దలు. పొడవు పెంచితే ఇంకా షాపులు పోతాయని, ఖర్చు పెరుగుతుందని, వచ్చిన నిధులు వెనక్కి పోతాయేమోనని ఇంకొందరు. ముందు పక్కన అండర్‌పాస్ తవ్వి, జనానికి దారి చూపించి, ఆ తర్వాతే పాతది పడగొట్టమన్నవాళ్లూ ఉన్నారు. నాకు బుద్ధికెక్కింది ఆ చివరి మాటే. వంటింట్లో పాత పొయ్యి పీకేయాలంటే ముందు పక్కన ఇంకో పొయ్యి వెలిగించుకుంటాం కదా.

ఆ 98 కోట్లు కేంద్ర రోడ్డు నిధివట. పెట్రోలు, డీజిలు మీద వేసే సెస్సుతో నిండే నిధి అది. అంటే మా బండిలో పోసే ప్రతి లీటరులోనూ ఆ వంతెనకి నా చందా ఉంది. అది లేక చుట్టూ తిరుగుతూ ఇంకాస్త ఎక్కువ చందా వేస్తున్నాను! గంటకి ఎన్ని వాహనాలు పోతాయో అందరూ మాట్లాడారు. నడిచి దాటేవాళ్లు ఎంతమందో ఆ రెండు రోజుల్లో నా చెవిన ఒక్క మాటా పడలేదు.

సరే, నా గోలకి వస్తాను. వాట్సాప్ గ్రూపులో ఒకరు "ఈ మధ్య భోజనం బాగోడం లేదు" అని రాశారు. పదమూడేళ్లుగా తింటున్న మనిషే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నలభై రెండో క్యారేజీ ఒకటి కట్టి, అబ్బాయితో పాటు అవతలికి తిప్పి మళ్లీ తెప్పించి, నేనే విప్పాను. అన్నం గిన్నె ఆకారంలో ముద్దయి ఊడొచ్చింది. పెరుగు పులిసింది. బెండకాయ వేపుడు చెమర్చి జిగురైంది. ఆ రాసినాయన అబద్ధం రాయలేదు. కోపం మాత్రం ఇంకా పోలేదు, అది వేరే సంగతి.

వేడి నిలిచే పెట్టెలు కొందామని విజయవాడలో ఒకాయనకి పన్నెండు వేలు అడ్వాన్సు ఇచ్చాను. వారంలో అన్నాడు, ఐదు వారాలు పట్టింది. వచ్చినవాటికి మూతలు సరిగ్గా పడవు. ఫోన్ చేస్తే "లోపల గుడ్డ వేసి మూయండమ్మా" అంటాడు. గుడ్డ వేసి మూయడానికి నా దగ్గర ఇత్తడి గంగాళాలున్నాయి, నీ పెట్టెలెందుకయ్యా అన్నాను. డబ్బు తిరిగి రాలేదు. పెట్టెల్లో ఇప్పుడు కందిపప్పు పోసుకున్నాం.

అవతలివాళ్లని మానేద్దామన్నారు మా ఆయన. లెక్క ప్రకారం ఆయన చెప్పిందే సరి. యాప్‌లో పెట్టమంది మా అమ్మాయి, నూటపది రూపాయల భోజనంలో వాళ్ల కమిషను పోతే నాకు మిగిలేది గిన్నెలు తోముకోవడమే. ఇరవై రోజులు తేల్చుకోలేకపోయాను. మానేద్దామని రెండుసార్లు మెసేజ్ రాసి, పంపకుండా తుడిపేశాను. కరోనాలో వార్డు గుమ్మం దాకా వచ్చి, పాత్ర అందుకుని, "మీరూ జాగ్రత్తక్కా" అన్న నర్సమ్మలకి అలాంటి మెసేజ్ ఎలా పంపను?

చివరికి ఓల్డ్ క్లబ్ రోడ్డులో చిన్న గది తీసుకున్నాను, నెలకి ఆరు వేలు. ఈ సోమవారం నుంచి కూర, పప్పు, పచ్చడి మా ఇంట్లోనే వండి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే, తొమ్మిదిన్నరకల్లా అవతలికి పంపిస్తాం. అన్నం మాత్రం పన్నెండింటికి అక్కడే వండుతారు, పెరుగు అక్కడే తోడుపెడతారు. మా అత్తగారికి ఇది నచ్చలేదు. అన్నం ఒక చేతిది, కూర ఒక చేతిది ఏమిటంటారు. అక్కడ వండేది మా ఆడపడుచే, ఎసరు కొలత నేనే గీత గీసి ఇచ్చాను. ఒంటిగంటలోపు మీ చేతికి రావాలి. రాకపోతే నాకే ఫోన్ చేయండి, అబ్బాయిని తిట్టొద్దు.

ధర నూటపదే. గది అద్దె మీ నెత్తిన వేయను.

ఖాళీ క్యారేజీలు సాయంత్రం ఐదులోపు ఆ గదిలోనే ఇచ్చేయండి, కడగకపోయినా పరవాలేదు. బెండకాయ వేపుడు మాత్రం కొత్త వంతెన తెరిచేదాకా అవతలికి రాదు. ఎవరూ అడగొద్దు, డాక్టరుగారు అడిగినా సరే.